గోడ అవతల ఏడ్చిన పిల్లవాడు: మనం విన్నది ఎవరికి చెప్పాలి?

కాడుగోడి వాసి:

బెంగళూరు సభ్యులందరికీ నమస్కారం. మా అపార్టుమెంటు ప్రహరీని ఆనుకుని ఉన్న చిన్న ఇంట్లో అయిదేళ్ళ పిల్లవాడు పోయిన వారం చనిపోయాడు. మెట్ల మీది నుంచి జారిపడ్డాడని ఇంట్లోవాళ్ళు చెప్పారట. ఆసుపత్రిలో డాక్టర్లకు అనుమానం వచ్చి పోలీసులకు కబురు చేశారు. మారుతండ్రిని అరెస్టు చేశారు, తల్లిని విచారిస్తున్నారు. దర్యాప్తు నడుస్తున్నది కనుక అంతకు మించి రాయను. పేర్లు గాని, వీధి గాని దయచేసి ఎవరూ అడగవద్దు.

ఆదివారం సాయంత్రం వీధి మలుపు దగ్గర దాదాపు రెండు వందల మందిమి కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డాం. ఉరి తీయాలని నినాదాలు చేశారు, నేనూ గొంతు కలిపాను. జనం పలచబడ్డాక కొందరం అక్కడే ఆగి మాట్లాడుకున్నాం. ఏప్రిల్ ఎండల్లో కూడా ఆ పిల్లవాడు పొడుగు చేతుల స్వెటర్ వేసుకుని తిరిగేవాడని ఇస్త్రీ బండి అతను అన్నాడు. పాల ప్యాకెట్ కోసం వచ్చినప్పుడు చేతిలోని చిల్లర కింద పడితే వాడు రెండు చేతులతో తల కప్పుకుని కూర్చుండిపోయాడని కిరాణా కొట్టు ఆవిడ చెప్పింది. వాడు నెల రోజులుగా బడి వ్యాన్ ఎక్కడం లేదని మూడో అంతస్తులో ఉండే ఒకావిడ అన్నది.

మా ఇంటి సంగతి నేనే చెప్పాలి. మేము బట్టలు ఉతుక్కునే బాల్కనీ కిటికీ ఆ ఇంటి వైపే ఉంటుంది. రాత్రి తొమ్మిదీ తొమ్మిదిన్నర మధ్య ఏడుపు వినిపించేది. అది మారాం చేసే ఏడుపు కాదు, మధ్యలో ఊపిరి బిగబట్టి బలవంతాన ఆపుకునే ఏడుపు. ఫిబ్రవరి నుంచి ఆ కిటికీ మూసే ఉంచాం. దోమలు వస్తున్నాయని నేనూ మా ఆవిడా ఒకరికొకరం చెప్పుకున్నాం.

తలా ఒక ముక్క మా దగ్గర ఉన్నది. అవన్నీ ఒకచోట చేరడానికి వాడు పోవలసి వచ్చింది. నేను శిక్ష గురించి అడగడం లేదు, అందుకు న్యాయస్థానం ఉన్నది. ఫిబ్రవరిలో నేను ఎవరికి చెప్పి ఉండవలసింది, చెబితే ఏం జరిగి ఉండేది అన్నది తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

విజయనగర మాస్టారు:

చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. ముప్పై నాలుగేళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ ఈడు పిల్లలు నవ్వితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలాంటి పసివాడి మీద చెయ్యి చేసుకున్నవాడికి విచారణ ఎందుకు? నెల తిరక్కుండా ఉరి పడాలి. ఆ ప్రాంతపు పోలీసు అధికారినీ, పిల్లల సంక్షేమం చూడవలసిన అధికారినీ వెంటనే సస్పెండ్ చేయాలి. నలుగురి ఉద్యోగాలు ఊడితే తప్ప మిగతావాళ్ళకు భయం పుట్టదు. ఈ మాట కఠినంగా ఉన్నా ఇదే నా అభిప్రాయం.

వేదిక నిర్వాహకులు:

ఈ చర్చ కింద ఒక సభ్యుడు వాట్సాప్‌లో తిరుగుతున్న పిల్లవాడి ఫోటోను పెట్టారు. దాన్ని తొలగించాం. బాధతోనే పెట్టి ఉంటారని తెలుసు, కానీ మళ్ళీ పెట్టవద్దు. ఇతర గుంపుల్లో పంచుకున్నవారు కూడా తీసేయవలసిందిగా కోరుతున్నాం.

మల్లేశ్వరం వకీలు:

నిర్వాహకులు చేసింది మర్యాద మాత్రమే కాదు, చట్టం చెప్పేది కూడా అదే. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం ఇలాంటి పిల్లల పేరు, చిరునామా, బడి, ఫోటో వంటి ఆనవాళ్ళు బయటపెట్టడం నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ ఇంట్లో ఇంకా పిల్లలుంటే, ఆ ఫోటో రేపు వాళ్ళను బడిలో కూడా వెంటాడుతుంది.

ఇక కాడుగోడి గారి ప్రశ్న. అదే చట్టం సెక్షన్ 2(14)లో సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లలు ఎవరో వివరించారు. పిల్లవాడు ఎవరి దగ్గర ఉంటున్నాడో ఆ మనిషి, సొంత తల్లిదండ్రులైనా కాకపోయినా, వాణ్ణి గాయపరచినా, హింసించినా, పట్టించుకోకుండా వదిలేసినా ఆ పిల్లవాడు ఆ నిర్వచనం కిందికి వస్తాడు. కనుక ఫిబ్రవరిలో మీకు వాడు పక్కింటి పిల్లవాడే గాని, చట్టం దృష్టిలో మాత్రం అప్పటికే ప్రభుత్వం బాధ్యత తీసుకోవలసిన పిల్లవాడు.

బాధ్యత తీసుకునే చోటు బాలల సంక్షేమ సమితి. జిల్లాకు కనీసం ఒకటి ఉండాలి. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు, వారిలో ఒకరైనా మహిళ. ఆ సమితికి ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటుకు ఉండే అధికారాలున్నాయి, ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తనంత తానుగా కూడా విచారణ మొదలుపెట్టవచ్చు. పోలీసులే పిల్లవాణ్ణి అక్కడికి తీసుకుపోవాలని లేదు, ప్రజాహితం కోరే పౌరుడెవరైనా తీసుకుపోవచ్చు. ప్రయాణానికి పట్టే సమయం కాక 24 గంటల్లో హాజరుపరచాలి. ఇంటి పరిస్థితుల మీద విచారణ 15 రోజుల్లో పూర్తి కావాలి, తుది ఉత్తర్వు నాలుగు నెలల్లో రావాలి. ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ ఏఎస్ఐ హోదాకు తగ్గని ఒక అధికారిని పిల్లల సంక్షేమ పోలీసు అధికారిగా నియమించాలని సెక్షన్ 107 చెబుతున్నది. స్టేషన్‌కు వెళ్ళినప్పుడు ఆ అధికారి ఎవరని అడిగే హక్కు మీకున్నది, కానీ అడిగినవాళ్ళను నా వృత్తిలో నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

ఇందులో ఒక లోటు ఉన్నది, అది అందరికీ తెలియాలి. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు తప్పనిసరిగా పోలీసులకు చెప్పాలి, చెప్పకపోతే అదే ఒక నేరం. కానీ ఇంట్లో పిల్లవాణ్ణి కొట్టడం, వాతలు పెట్టడం, ఆకలికి మాడ్చడం కళ్ళారా చూసిన ఇరుగుపొరుగు మీద అంత స్పష్టమైన బాధ్యతను మన చట్టం పెట్టలేదు. బడిలో కొట్టడాన్ని విద్యా హక్కు చట్టం 2009లోనే నిషేధించింది. ఇంట్లో కొట్టడాన్ని అలా నిషేధించిన చట్టం లేదు. పైగా పన్నెండేళ్ళ లోపు పిల్లల మేలు కోరి, సదుద్దేశంతో సంరక్షకులు చేసే పనులకు రక్షణ ఇచ్చే పాత శిక్షాస్మృతి సెక్షన్ 89, కొత్త భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 27గా కొనసాగుతున్నది. ఆ రక్షణకు హద్దులున్నాయి, తీవ్రమైన గాయాలకు అది వర్తించదు. కానీ ఆ మేలు, ఆ సదుద్దేశం అన్న మాటల చాటున ఎన్ని ఫిర్యాదులు స్టేషన్ గుమ్మంలోనే ఆగిపోతాయో చూస్తూనే ఉన్నాను.

పిల్లల వార్డు అక్క:

నాది చిత్తూరు జిల్లా, బెంగళూరు ఆసుపత్రుల్లో పిల్లల వార్డుల్లో నర్సుగా ఇరవై రెండేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. మాస్టారు గారి కోపం నాకు కొత్త కాదు. 2012 జనవరిలో ఢిల్లీ ఎయిమ్స్ ట్రామా కేంద్రానికి ఒంటి నిండా గాయాలతో రెండేళ్ళ పాపను తీసుకొచ్చారు, మార్చి 15న ఆ పాప పోయింది. నెల కూడా తిరగకముందే, ఏప్రిల్ 11న మన వాణీ విలాస ఆసుపత్రిలో మూడు నెలల పాప పోయింది. ఆడపిల్ల పుట్టిందన్న కక్షతో కన్నతండ్రే హింసించాడన్న ఆరోపణ మీద అతన్ని అప్పటికే అరెస్టు చేశారు. ఆ రోజుల్లో మా ఆసుపత్రిలో టీ తాగుతూ కూడా అందరం అదే మాట్లాడుకునేవాళ్ళం. ఊరూరా కొవ్వొత్తులు వెలిగించారు, ఉరి అన్నారు. ఆ మే నెలలో మా వార్డుకు వచ్చిన పిల్లలను పరీక్షించే తీరులో మాత్రం ఒక్క కాగితం కూడా మారలేదు.

దెబ్బ ఎక్కడ ఉన్నదో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. పరుగులు పెట్టే పిల్లలకు మోకాళ్ళ మీద, మోకాలి కింది ఎముక మీద, నుదుటి మీద, మోచేతుల మీద దెబ్బలు మామూలే. చెవి మీద, మెడ మీద, బుగ్గ కండ మీద, వీపు మీద, పొట్ట మీద కమిలితే ఆగి ఆలోచించాలి. ఇంకా బోర్లా పడని, పాకని పసిబిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చ కనిపిస్తే అది ఎంత చిన్నదైనా వదిలిపెట్టకూడదు, ఎందుకంటే తనంత తాను కదలలేని బిడ్డ దెబ్బ తగిలించుకోలేదు. చెప్పిన కథకూ గాయానికీ పొంతన ఉన్నదా, ఆసుపత్రికి రావడానికి ఎంత ఆలస్యం చేశారు, తల్లి చెప్పిందీ తండ్రి చెప్పిందీ ఒకటేనా అన్నవి కూడా చూస్తాం. అమెరికాలో హెన్రీ కెంప్ అనే పిల్లల వైద్యుడు తన సహచరులతో కలిసి 1962లో ఈ గాయాల మీద వ్యాసం రాసే దాకా డాక్టర్లు కూడా వీటిని చాలావరకు ప్రమాదాలనో ఎముకల జబ్బులనో అనుకునేవారు. ఆ తరువాత అయిదేళ్ళలో అక్కడి రాష్ట్రాలన్నీ డాక్టర్లు తప్పక ఫిర్యాదు చేయాలని చట్టాలు తెచ్చాయి.

నేను మరచిపోలేని పాప ఒకతె ఉన్నది. మూడేళ్ళు ఉంటాయి. చేతికి సూది గుచ్చి సెలైన్ పెడుతుంటే ఏడవలేదు. ఏ పిల్ల అయినా ఆ క్షణంలో అమ్మ వైపు చేతులు చాస్తుంది. ఈ పాప తల్లి ముఖం వైపు చూసింది, పెదవులు గట్టిగా బిగించింది, తల అవతలికి తిప్పుకుంది. ఏడవకూడదని ఎవరో నేర్పిన పిల్ల అది. నేను డ్యూటీ డాక్టరుకు చెప్పాను. ఎమ్మెల్సీ, అంటే పోలీసులకు పంపే గాయాల నివేదిక, రాస్తే పోలీసులు, కోర్టు వాయిదాలు, మనకెందుకమ్మా అన్నాడు. మరునాడు నా డ్యూటీ మారింది, మూడోనాడు ఆ పాపను ఇంటికి పంపేశారు. నేను ఆ తరువాత ఎవరికీ ఫోన్ చేయలేదు. కాడుగోడి తమ్ముడూ, మీ కిటికీ లాంటిదే నాకూ ఒకటి ఉన్నది.

బెళ్ళందూరు గృహిణి:

అందరూ నన్ను తిట్టినా సరే, రెండో వైపు కూడా రాయాలి. నాకు ఇద్దరు పిల్లలు. చిన్నవాడు పంతం పట్టి రాత్రి పదింటికి గోడలు అదిరేలా ఏడుస్తాడు. ఒకటి రెండు సార్లు వీపు మీద వేశాను, దాచను. రేపు పై ఇంటివాళ్ళు పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తే నా బతుకేమవుతుంది? 2011లో నార్వేలో ఒక భారతీయ దంపతుల ఇద్దరు పిల్లలను అక్కడి శిశు సంరక్షణ శాఖ తీసుకుపోయింది, వాళ్ళు బంధువుల దగ్గరికి భారతదేశం చేరడానికి మరుసటి ఏడాది ఏప్రిల్ దాకా పట్టింది. అప్పుడు మేము ఐరోపాలోనే ఉన్నాం. బడి నుంచి ఉత్తరం వస్తే చాలు, గుండె దడదడలాడేది. ఆ భయం పడినదాన్ని కనుక అడుగుతున్నాను. చనిపోయిన పిల్లవాడి మీద జాలితో మనం బతికున్న పిల్లలను తల్లుల నుంచి విడదీసే దారి తెరుస్తున్నామా? మన వాళ్ళు మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఆ సామెతను నమ్మి పిల్లల్ని పెంచిన తల్లులందరూ హంతకులా?

మల్లేశ్వరం వకీలు:

అమ్మా, మీ ప్రశ్నకు కోపం రావలసిన పని లేదు. పిల్లవాణ్ణి కుటుంబం నుంచి విడదీయడం చిట్టచివరి మార్గం కావాలని మన చట్టం మొదట్లోనే సూత్రంగా రాసుకున్నది. ఫోన్ చేస్తే పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారన్నది అపోహ. తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇచ్చి, పిల్లవాణ్ణి వాళ్ళ దగ్గరే ఉంచి, పర్యవేక్షణ పెట్టే అధికారం సమితికి ఉన్నది.

అయితే వీపు మీద వేయడం మన దగ్గర ఎంత మామూలు విషయమో కూడా చూడాలి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం కోసం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు, అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉన్నది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. కుటుంబంలో దెబ్బలు తిన్నవారిలో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులే. వాళ్ళంతా హంతకులు కారు, మీరూ కారు. కానీ అన్ని ఇళ్ళలోనూ ఏడుపు వినిపిస్తుంటే, ప్రాణం మీదికి వచ్చిన ఏడుపును ఇరుగుపొరుగు ఎలా గుర్తుపట్టాలి? కాడుగోడి గారి చెవికి తేడా తెలిసింది, అయినా కొట్టడం ఇళ్ళలో మామూలే అన్న భావన ఆయనను ఆపింది. స్వీడన్ 1979లోనే ఇంట్లో కొట్టడాన్ని కూడా నిషేధించింది, మన పక్కనున్న నేపాల్ 2018లో ఆ పని చేసింది.

లండన్ నుంచి తిరిగొచ్చినామె:

నేను 2006 నుంచి 2013 దాకా ఉత్తర లండన్‌లో ఉన్నాను. మాస్టారు గారు అడుగుతున్నట్టుగా అధికారుల ఉద్యోగాలు ఊడగొట్టిన దేశంలో తరువాత ఏమైందో దగ్గరగా చూశాను కనుక కాస్త పొడుగ్గా రాస్తాను.

2007 ఆగస్టు 3న హారింగే అనే ప్రాంతంలో పదిహేడు నెలల బాబు చనిపోయాడు. పత్రికలు మొదట్లో బేబీ పి అని రాశాయి. ఒంటి మీద యాభైకి పైగా గాయాలు. విన్నవారికి దిమ్మ తిరిగే సంగతి ఏమిటంటే, ఆ బాబు ఎవరి కంటా పడకుండా పోలేదు. చివరి ఎనిమిది నెలల్లో సంక్షేమ ఉద్యోగులు, ఆరోగ్య సిబ్బంది, పోలీసులు కలిపి దాదాపు 60 సార్లు చూశారు. ఒక రోజు సంక్షేమ ఉద్యోగి వచ్చేసరికి ముఖానికి చాక్లెట్ పూసి ఉంచారు, దాని కింద కమిలిన మచ్చలున్నాయి. పోవడానికి రెండు రోజుల ముందు కూడా ఆసుపత్రిలో డాక్టరుకు చూపించారు. బాబు చిరాగ్గా ఉన్నాడని పూర్తి పరీక్ష చేయకుండానే పంపించారు.

2008 నవంబరులో నేరం రుజువై వార్త బయటకు రాగానే దేశం ఊగిపోయింది. ఒక పత్రిక, ఈ కేసుకు సంబంధించిన ఉద్యోగులందరినీ తొలగించాలని సంతకాలు సేకరిస్తే పది లక్షలు దాటాయి. మా బస్టాపు దగ్గర కూడా సంతకాలు అడిగారు, నేనూ పెట్టాను. డిసెంబరులో ఆ ప్రాంతపు పిల్లల సేవల అధిపతిని మంత్రి జోక్యంతో తొలగించారు. విచారణ లేకుండా అలా తొలగించడం చట్టవిరుద్ధమని 2011లో అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది. ఈలోగా సంక్షేమ ఉద్యోగంలో చేరడానికే జనం జంకారు. మరోపక్క ఏ తప్పు వస్తుందోనన్న భయంతో పిల్లలను తమ సంరక్షణకు అప్పగించమని స్థానిక సంస్థలు కోర్టుల్లో వేసే దరఖాస్తులు ఒక్కసారిగా పెరిగాయి. బెళ్ళందూరు అక్కయ్య గారి భయం అక్కడే నిజమవుతుంది. అధికారిని తల నరుకుతామని బెదిరిస్తే అతను పిల్లవాణ్ణి జాగ్రత్తగా చూడడు, తన మెడ కాపాడుకునే పని చేస్తాడు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది మరొకటి. అదే హారింగేలో ఉంటున్న విక్టోరియా క్లింబియే అనే ఎనిమిదేళ్ళ పాప ఏడేళ్ళ ముందు, 2000 ఫిబ్రవరిలో, చనిపోయింది. ఐవరీ కోస్ట్‌లో పుట్టి, మంచి చదువు చెప్పిస్తానన్న బంధువు వెంట వచ్చిన పిల్ల. ఒంటి మీద 128 గాయాలు లెక్కపెట్టారు. లార్డ్ లామింగ్ విచారణ జరిపి 2003లో 108 సిఫార్సులతో నివేదిక ఇచ్చారు, ఆ పాపను కాపాడడానికి కనీసం 12 సందర్భాలు వచ్చాయని అందులో చెప్పారు. కొత్త చట్టం 2004లో వచ్చింది. ఇంత జరిగాక, అదే కార్యాలయం పరిధిలో బేబీ పి పోయాడు. విక్టోరియా విషయంలో ఆసుపత్రి దగ్గర ఒక ముక్క ఉన్నది, పోలీసుల దగ్గర ఒక ముక్క, సంక్షేమ శాఖ దగ్గర ఒక ముక్క. కాడుగోడి గారు రాసింది చదువుతూ, ఇస్త్రీ బండి అతనూ కిరాణా ఆవిడా అన్న చోటికి రాగానే నేను ఫోన్ కింద పెట్టేశాను, మళ్ళీ తీయడానికి కాసేపు పట్టింది.

అక్కడి నుంచి మనం నేర్చుకోదగ్గ చట్టం ఒకటి ఉన్నది. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుండి, నేను కాదంటే నేను కాదని ఒకరి మీద ఒకరు చెప్పుకుంటే ఎవరి చేతి దెబ్బకు బిడ్డ పోయిందో తేల్చలేక కేసులు వీగిపోయేవి. 2004లోనే తెచ్చిన మరో చట్టంతో, బిడ్డ చావుకు కారణం కావడం గాని, ప్రమాదం తెలిసి కూడా జరగనివ్వడం గాని ఒకే నేరమైంది. బేబీ పి కేసులో శిక్షలు పడింది దాని కిందే.

విజయనగర మాస్టారు:

అమ్మాయీ, నీవు రాసింది రెండుసార్లు చదివాను. ఉరి మాట వెనక్కి తీసుకోను, కానీ సస్పెన్షన్ మాట తీసుకుంటున్నాను. ఇక్కడ మరొకటి కూడా ఒప్పుకోవాలి. 1987లోనో 88లోనో నా తరగతిలో ఒక కుర్రవాడు లెక్కల్లో వెనకబడ్డాడు. తండ్రికి చీటీ రాసి పంపాను. మరునాడు వాడు బెంచీ మీద సగం ఒరిగి కూర్చున్నాడు. చొక్కా ఎత్తి చూస్తే వీపు మీద బెల్టు వాతలు. నేను ఏం చేశానో తెలుసా? తండ్రి బాధ్యత గల మనిషి అని మెచ్చుకున్నాను. దండం దశగుణం భవేత్ అని తరగతిలో అందరికీ వినిపించేలా అన్నాను. ఆ తరువాత కూడా చీటీలు పంపాను. వాడు ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. వాడి ఇంట్లో ఏం జరుగుతున్నదో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

కల్యాణదుర్గం తమ్ముడు:

పెద్దలందరికీ నమస్కారం. మా అమ్మ అంగన్‌వాడీ కార్యకర్త. నేను వైట్‌ఫీల్డ్ అవతల భవన నిర్మాణ స్థలాల్లో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ఇప్పటి దాకా చర్చ అంతా గోడలున్న ఇళ్ళ గురించి జరిగింది, నేను రేకుల షెడ్ల గురించి రాస్తాను. మా దగ్గర అనంతపురం, రాయచూరు, కర్నూలు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు ఉంటాయి. తల్లి ఇటుకలు మోస్తుంటే ఏడేళ్ళ పిల్ల ఏడాది బిడ్డను చంకనేసుకుని ఇసుక కుప్ప మీద కూర్చుంటుంది. యాభై మందికి పైగా ఆడకూలీలు పనిచేసే చోట ఆరేళ్ళ లోపు పిల్లలకు గది, చూసుకునే మనిషి ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాశారు. నేను పనిచేసిన అయిదు చోట్లలో ఒక్కచోటే గది చూశాను, అందులో సిమెంటు బస్తాలు ఉండేవి.

పోయిన ఏడాది ఒక షెడ్డులో పిల్లను చిన్నాన్న గరిటె కాల్చి వాతలు పెడుతున్నాడని తెలిసి 1098కి ఫోన్ చేశాను. వాళ్ళు వచ్చారు, ఆ మాట చెప్పాలి. వచ్చినవాళ్ళకు కన్నడం వచ్చు, ఆ పిల్లకు తెలుగు తప్ప రాదు. వాతలు పెట్టిన చిన్నాన్నే పక్కన నిలబడి, పిల్ల చెప్పింది కన్నడంలోకి మార్చి చెప్పాడు. ఒలికిన పప్పు మీద పడి కాలిందని రాసుకున్నారు. నేను పనిలో ఉండి అరగంట ఆలస్యంగా చేరాను. మళ్ళీ వస్తామన్నారు. ఆ రాత్రికి రాత్రి మేస్త్రీ ఆ కుటుంబాన్ని వేరే చోటికి మార్చేశాడు. ఫైలు బెంగళూరులో ఉన్నది, పిల్ల అనంతపురంలో ఉందో, హోసూరులో ఉందో ఎవరికీ తెలియదు. లండన్ అక్కయ్యా, విక్టోరియాకు కూడా ఆ ఊరి భాష రాదు కదా?

లండన్ నుంచి తిరిగొచ్చినామె:

రాదు తమ్ముడూ. ఆ పాపది ఫ్రెంచి. ఆమె తరఫున మాట్లాడింది చాలావరకు ఆమెను హింసించిన బంధువే.

మల్లేశ్వరం వకీలు:

కల్యాణదుర్గం తమ్ముడు చెప్పిన చిక్కు నేను కోర్టులో కూడా చూశాను. అందుకే ఫోన్ చేసేవారు కొన్ని సంగతులు మొదటే చెప్పాలి. పిల్లవాడికి ఏ భాష వచ్చో చెప్పండి. పెద్దవాళ్ళు దగ్గర లేకుండా మాట్లాడించమని అడగండి. ఇల్లు మారే అవకాశం ఉంటే సొంతూరు, మండలం, మేస్త్రీ ఫోన్ నంబరు ఇవ్వండి. నంబరు గురించి కూడా ఒక మాట. 1996లో ముంబయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రయోగంగా మొదలుపెట్టిన సేవ దేశమంతటా 1098గా విస్తరించింది. 2023లో దాన్ని మహిళా శిశు అభివృద్ధి శాఖ స్వచ్ఛంద సంస్థల నుంచి తీసుకుని అత్యవసర సేవల నంబరు 112తో కలిపింది. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే నేరుగా 112కే చేయండి.

మీరు నేరం రుజువు చేయనక్కర్లేదు. చూసింది, విన్నది, ఎప్పుడు అన్నది చెబితే చాలు. తేదీ, గంట ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కోర్టులో తరచూ అంటే చాలదు, పదే పదే అంటే చాలదు. ఏ రోజు అని అడుగుతారు.

బెళ్ళందూరు గృహిణి:

ఒక సందేహం. అధికారులు వచ్చి వెళ్ళాక, ఎవరో చెప్పారన్న కసి ఆ పిల్లవాడి మీదే తీర్చుకుంటే?

పిల్లల వార్డు అక్క:

ఆ భయం నిజమైనదే అమ్మా. అందుకే ఒక్క ఫోన్‌తో పని అయిపోయిందనుకోకూడదు. రెండోనాడు మళ్ళీ చేయాలి, సమితికి ఉత్తరం కూడా రాయాలి. పిల్లవాడు బడికి వచ్చాడా లేదా అన్నది టీచరును అడగాలి. బడి మానిపించారంటే దాన్ని ప్రమాద సూచనగానే తీసుకోవాలి. ఇంకొకటి, ఆ తల్లితో ఎవరైనా మాట్లాడుతున్నారా? చాలా ఇళ్ళలో ఆవిడా దెబ్బలు తింటూ ఉంటుంది. కాఫీ పొడి అరువడిగే నెపంతో తలుపు కొట్టినా చాలు, ఆ పూటకు చెయ్యి ఆగుతుంది.

కాడుగోడి వాసి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఉదయం స్టేషన్‌కు వెళ్ళాను. ఇస్త్రీ బండి అతను, కిరాణా ఆవిడ, మూడో అంతస్తు ఆవిడ కూడా వచ్చారు. వకీలు గారు చెప్పినట్టు పిల్లల సంక్షేమ అధికారి ఎవరని అడిగితే ఒక మహిళా ఎస్ఐ వచ్చి కూర్చోబెట్టి, ఒక్కొక్కరి మాటా విడివిడిగా రాసుకున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు ఏడుపు వినిపించేదని చెప్పాను. ఏ రోజు అన్నారు. ఎంత ఆలోచించినా నాకు ఒక్క రోజే కచ్చితంగా గుర్తుకొచ్చింది, మార్చి 11. మరునాడు మా అమ్మాయికి లెక్కల పరీక్ష. శబ్దానికి చదువు సాగడం లేదంటే నేనే లేచి వెళ్ళి ఆ కిటికీ గడియ బిగించి, సందులో పాత టవల్ కుక్కి వచ్చాను. అదీ చెప్పాను. ఆమె తలెత్తి చూడకుండా రాసుకుని, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నారు.

ఆ ఇంట్లో రెండేళ్ళ పాప కూడా ఉన్నది. ఇప్పుడు ఎక్కడ ఉంచారని అడిగితే, సమితి ముందు హాజరుపరచారని మాత్రం చెప్పారు. శుక్రవారం సమితి కార్యాలయానికి వెళ్తున్నాం. ఆ పాపకు కూడా తెలుగు తప్ప రాదు. మా ఆవిడ వస్తానన్నది. దుబాసీగా ఎవరైనా కావాలంటే మమ్మల్ని పిలవమని ఉత్తరం రాసి తీసుకెళ్తున్నాను.